సాక్షి గణపతి ముందు

క్లోమగ్రంథిలో పుట్టిన క్యాన్సర్ కాలేయానికి పాకిందని తేలిన తరువాత, ఇక కీమోథెరపీ వల్ల మేలు కంటే బాధే ఎక్కువని డాక్టరు గారు దాచకుండా చెప్పి, నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. నాలుగు గంటలకొకటి వేసుకోవాలి. మత్తుకు అలవాటు పడతానేమోనని బంధువులు భయపడ్డారు గానీ, ఆ మాత్రలే లేకపోతే నేను నరసరావుపేట నుంచి శ్రీశైలం దాకా వెళ్ళగలిగేవాణ్ణి కాను.

ముప్పై ఆరేళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. వీలునామాల్లో 'నా తదనంతరం' అన్న మాటను ఎంతమంది పక్షాన రాశానో లెక్క లేదు. అది నాకూ వర్తించే మాటేనని ఈ ఏడాది దాకా తోచలేదు.

తెల్లవారుజామున కారులో బయలుదేరి, శ్రీశైలానికి తూర్పు ద్వారమని చెప్పే త్రిపురాంతకంలో దండం పెట్టుకుని, అక్కడే ఒక మాత్ర వేసుకున్నాను. దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో మలుపు మలుపుకూ కడుపులో పోటు లేచేది.

శిఖరేశ్వరం నుంచి శ్రీశైల శిఖరాన్ని చూసినవారికి పునర్జన్మ ఉండదని నమ్మకం. మెట్ల మీద రెండుసార్లు కూర్చుని, పైకి చేరి, నంది దగ్గర నువ్వులు పోసి కొమ్ముల నడుమ నుంచి చూశాను. మళ్ళీ పుట్టకూడదన్న కోరిక నాకు నిజంగా ఉందా అంటే, ఉందని చెప్పలేను. అన్నం సహించని ఈ రోజుల్లో కూడా పొద్దుటి కాఫీ వాసనకు ప్రాణం లేచి వస్తోంది. నువ్వూ చూడమని మా ఆవిడతో అన్నాను. "నేను తరువాత వచ్చినప్పుడు చూస్తాను లెండి" అంది. ఆ మాట తరువాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఒక చేత కలం, ఒక చేత పుస్తకం పట్టుకున్న సాక్షి గణపతిని చూడగానే, మా వృత్తివాడే కదా అని నవ్వు వచ్చింది. మనం యాత్రకు వచ్చామని శివుడి దగ్గర సాక్ష్యం చెప్పేది ఈయనేనని పెద్దలంటారు. పేరు, గోత్రం చెప్పుకున్నాను. ఇంకేమైనా రాసుకోవడానికి ఉందా అని ఆయన అడిగినట్టనిపించి ఆలోచిస్తే, కట్టిన ఇల్లు గానీ చేయించిన పెళ్ళిళ్ళు గానీ గుర్తుకు రాలేదు. వినుకొండ దగ్గర ఒక పల్లెలో పొలం పంచుకున్న అన్నదమ్ములకు నేను రాసిన పంపకాల దస్తావేజు గుర్తుకు వచ్చింది. బావి అన్న వాటాకు పోయింది. దారి సంగతి ఇద్దరూ మరిచిపోయారు. 'బావికి పోవు నడకదారియందును, నీటియందును ఉభయులకు సమాన హక్కు కలదు' అని ఒక వాక్యం నేనే సూచించి చేర్పించాను. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నారని ఆ మధ్య ఎవరో చెబితే, అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. గణపతి ముందు నిలబడి ఆ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా మనసులో చదువుకున్నాను.

మధ్యాహ్నం స్పర్శదర్శనం దొరికింది. మల్లికార్జునుడి లింగం మీద చెయ్యి పెట్టాను. రాయి తడిగా, చల్లగా ఉంది. ఏమీ అడగలేదు. వరుసలో వెనుకవాళ్ళు తొందరపెట్టారు.

బయటికి వచ్చేసరికి మాత్ర వేళ అరగంట దాటింది. మా ఆవిడ నీళ్ళ సీసా మూత తీస్తూ, ఆ బావి ఏ ఊళ్ళో ఉందని అడిగింది. తిరుగు ప్రయాణంలో ఆగి చూసి వెళ్దామంది.