పట్టుదారం గాజులకు ట్యాగులు: మూడో విడత దాకా వచ్చిన పని

ఏప్రిల్

పట్టుదారం గాజులు, టెర్రకోట బుట్టకమ్మలు చేయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటినా, వాటికి ట్యాగులు కట్టాలన్న ఆలోచన మా అపార్టుమెంటు ఉగాది సంతలో బల్ల వేసుకొని కూర్చున్న రోజునే వచ్చింది. వచ్చినవారు ముందు ధర అడిగారు, తరువాత కొలత అడిగారు, నేను ఒకరికి జవాబు చెప్పేలోపు మరో ఇద్దరు పక్క బల్ల వైపు వెళ్లిపోయారు. ఆ వారంలోనే మొదటి నమూనా గీశాను. ట్యాగు కొలత 50 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. ఎత్తు. ఈ లెక్కన ఏ4 షీటులో అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 ట్యాగులు పడతాయి. ట్యాగుల మధ్య ఖాళీ వదలకపోవడం వల్ల ఒక్క గీత మీద కోస్తే రెండు ట్యాగులు విడిపోతాయి.

ఆ నమూనాలో నా పేరు పెద్దదిగా ఉంది, దాని చుట్టూ నెమలి ఉంది, ధర మాత్రం ఎక్కడో కింది మూలన ఉంది. ఇప్పుడు చూస్తే నవ్వు వస్తున్నది కాని, అప్పుడు ఆ నెమలి ఈకలకే రెండు రాత్రులు పట్టింది.

మే

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో టైపు చేసి పేజీలు పేర్చి ఇచ్చే ఒక డీటీపీ సెంటరుకు ఫైలు తీసుకువెళ్లాను. నేను యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో వాడే అక్షర పద్ధతిలో) టైపు చేసిన తెలుగు, అక్కడ పేజీలు పేర్చడానికి వాడే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నార్థకాలుగా మారిపోయింది. అక్కడివారు దానిని యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లైన అను ఫాంట్లలో మళ్లీ టైపు చేసి ఇచ్చారు. నేను తొందరలో సరిచూడకుండానే పది షీట్లు అచ్చు వేయించుకొని వచ్చాను. 160 ట్యాగుల మీద ‘పట్టుదారం’ కాస్తా ‘పట్టుదరం’ అయిందని రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి చదివి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆ తరువాత ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో నేనే పేజీ అంతా పేర్చి, అక్షరాలను గీతలుగా మార్చి, పీడీఎఫ్‌గా ఇస్తున్నాను. అలా మారిస్తే అచ్చు వేసే కంప్యూటరులో ఏ ఫాంటు ఉన్నా లేకున్నా అక్షరం చెదరదు. అయితే ఒకసారి మార్చిన తరువాత అక్షరదోషం దిద్దడం కుదరదు కనుక, మార్చకముందు ఫైలును వేరే పేరుతో దాచుకోవాలి.

జూన్, జులై

కాగితం దగ్గర మరో పాఠం నేర్చుకున్నాను. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కాని, మామూలు లేజర్ ప్రింటరులో తెల్ల ఇంకు ఉండదు కనుక, లేత రంగులన్నీ ఆ గోధుమరంగులో కలిసిపోతాయి. ఏడు పాయింట్ల అక్షరంలో ‘పట్టు’ కింద ఉన్న ట వత్తు, ‘కమ్మలు’ కింద ఉన్న మ వత్తు చిన్న నల్లటి చుక్కల్లా మిగిలాయి. మండలి ఫాంటును తొమ్మిది పాయింట్లకు పెంచి, వరుసల మధ్య దూరాన్ని అక్షరానికి ఒకటిన్నర రెట్లు ఉంచిన తరువాతే కింది వత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగలకుండా కుదురుకున్నాయి. ఇప్పుడు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఐవరీ బోర్డు అనే మందపాటి అట్ట వాడుతున్నాను. నిగనిగలాడే ఆర్ట్ కార్డు మీద జెల్ పెన్నుతో ధర రాస్తే వేలికి అంటుకుంటున్నది, దీనిమీద ఆ బాధ లేదు.

ఆగస్టు

వరలక్ష్మీ వ్రతానికి ముందు పెట్టిన బల్ల దగ్గర, నాలుగో అంతస్తు పెద్దమ్మగారు ట్యాగును చేతికందినంత దూరం పెట్టి చూసి, చివరకు ‘ఇది నా చేతికి ఎక్కుతుందా అమ్మా?’ అని నన్నే అడిగారు. ఎక్కించి చూస్తే ఎక్కలేదు. లాగేటప్పుడు గమ్ము అతికిన చోట దారం పోగు ఒకటి పైకి లేచింది. పట్టుదారం గాజుకు అంతకంటే పెద్ద దెబ్బ లేదు, మళ్లీ మొత్తం చుట్టాల్సిందే.

అందుకే మూడో విడతలో నెమలిని తీసేసి, దాని చోట కొలతను పెద్ద అంకెల్లో వేశాను. గాజు కొలత 2.6 అంటే దశాంశ లెక్కన 2.6 అంగుళాలు అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో 16కు 6 వంతులు, అంటే లోపలి వ్యాసం 60.3 మి.మీ. అదే లెక్కన 2.4కు 57.2 మి.మీ., 2.8కు 63.5 మి.మీ. వస్తాయి. ట్యాగు వెనుక ఈ మిల్లీమీటర్లు వేశాను. ఈ మూడు వలయాలు గీసిన అట్ట ఒకటి బల్ల మీద ఉంచుతున్నాను, వచ్చినవారు తమ చేతి గాజు తీసి దాని మీద పెట్టి చూసుకుంటున్నారు. ఆ అట్ట మొదటిసారి తప్పు వచ్చింది, ఎందుకంటే ప్రింటు వేసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ పెట్టి ఉండటం వల్ల అంతా 97 శాతానికి కుంచించుకుపోయి, 60.3 ఉండాల్సిన వలయం 58.5 అయింది. ఇప్పుడు ప్రతి షీటు అంచున 50 మి.మీ. గీత ఒకటి వేసి, కోయకముందు స్కేలుతో దానిని కొలుస్తున్నాను.

సెప్టెంబరు

బుట్టకమ్మల కార్డు ఇంకా తేలలేదు. టెర్రకోట బరువుకు ఒక్క బోర్డు ముందుకు వంగుతున్నది కనుక రెండు అతికిస్తున్నాను. మామూలు పంచింగ్ మిషన్ రంధ్రం నుంచి కొక్కెం జారిపోతున్నది కాబట్టి దబ్బనంతో ఒక మిల్లీమీటరు రంధ్రం పొడుస్తున్నాను. జర్మన్ సిల్వర్ పూసలున్న జతల కార్డు మీద ‘వెండి కాదు’ అని స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే రాగి, జింకు, నికెల్ కలిసిన ఆ లోహంలో వెండి ఉండదు, పైగా నికెల్ పడని చెవులు దురద పెడతాయి.

ఒక బొటిక్ వారు డబ్బాల్లో పెట్టిన గాజులు పన్నెండు సెట్లు అడిగారు. ముందే ప్యాక్ చేసిన సరుకుకు 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులు కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదుల కోసం ఫోను నంబరు ఉండాలి. ఇవన్నీ ట్యాగులో ఇరికించకుండా డబ్బా అడుగున విడి స్టిక్కరుగా వేస్తున్నాను. షీటు అచ్చుకు 25 రూపాయల చొప్పున ఒక్కో ట్యాగుకు రూపాయిన్నర పైచిలుకు పడుతున్నది, జనపనార తాడుతో కలిపి రెండు రూపాయలు దాటడం లేదు. దసరా బల్లకు ఇంకా పది షీట్లు కావాలి, ఈసారి ఒక్క షీటు అచ్చు వేయించి, మా అమ్మాయి చేత చదివించిన తరువాతే మిగతా తొమ్మిదీ.