రెండేళ్లలో మూడు మాత్రలు

2023 మార్చిలో డిగ్రీ ఆఖరి పరీక్షలకు చదువుకుంటుంటే గోడ అవతల ఇద్దరు ఆడవాళ్లు నా గురించి మాట్లాడుకోవడం వినబడింది. 'ఇది పాసయ్యేది లేదు, వాళ్ల నాయన డబ్బులన్నీ దండగ' అని. కిటికీ మూసినా ఆగలేదు. కర్నూలు వదిలి కోడుమూరులో అత్త ఇంటికి పోయినా అవే గొంతులు. పక్కింటివాళ్లు ఇంత దూరం ఎలా వచ్చారన్న అనుమానమే నాకు రాలేదు. నా ఫోన్‌లో ఏదో పెట్టారనుకున్నాను.

ఇంట్లో గాలి సోకిందన్నారు. అంత్రం కట్టించారు, దిష్టి తీశారు. అమ్మ మీద నాకు కోపం లేదు, ఆమెకు తెలిసింది ఆమె చేసింది. కానీ అలా నాలుగు నెలలు పోయాయి. ఇది సైకోసిస్ అనే మానసిక జబ్బు, లేని గొంతులు వినబడతాయి. ఇందులో మందు ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను. చివరికి అక్క 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, ఫోన్ చేసింది. తెలుగులోనే మాట్లాడి, వెంటనే సైకియాట్రిస్ట్‌కు చూపించమన్నారు.

మొదట ఇచ్చింది రిస్పెరిడోన్. మూడు వారాలకు గొంతులు సన్నబడ్డాయి, ఆరు వారాలకు ఎప్పుడో ఒకసారి వినబడేవి. కానీ ఒళ్లు కొయ్యబారింది. "చేతులు ఊపకుండా నడుస్తావేంటే?" అని అమ్మ అడిగేదాకా నాకు తెలియదు. బ్యాంకు ఫారం మీద సంతకం పెడితే అక్షరాలు చివరికి వచ్చేసరికి చీమల్లా అయిపోయాయి. కౌంటర్లో ఆయన పాత సంతకం పక్కన పెట్టి చూసి, మళ్లీ పెట్టమన్నాడు. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ చీమలే. బిగుతు తగ్గడానికి డాక్టరమ్మ ట్రైహెక్సిఫెనిడిల్ కలిపింది.

ఇంకో సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. ఐదు నెలలుగా నెలసరి రాలేదు. సిగ్గుపడ్డాను, లోపల ఇంకేదో జబ్బు ఉందని భయపడ్డాను. చెప్పిన రోజే రక్తపరీక్ష చేయిస్తే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ బాగా పెరిగి ఉంది. ఈ మాత్రతో అలా అవుతుందట. మొదటి నెలలోనే నోరు తెరిచి ఉంటే నాలుగు నెలల టెన్షన్ తప్పేది.

తర్వాత ఓలాంజపిన్. దీంతో గొంతులు పూర్తిగా పోయాయి. కంటినిండా నిద్ర పట్టింది. నెలసరి మళ్లీ మొదలైంది. కానీ ఆ ఆకలిని ఎలా చెప్పాలో తెలియదు. రాత్రి పన్నెండింటికి లేచి అన్నం గిన్నె ముందు కూర్చునేదాన్ని. తిన్న అరగంటకే మళ్లీ ఆకలి. నాలుగు నెలల్లో 52 కిలోల నుంచి 63కు వచ్చాను. చుట్టాలు 'ఒళ్లు చేశావు, పెళ్లికళ వచ్చింది' అన్నారు. నేను ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. పదిహేడో రోజు గోడ అవతల మళ్లీ మాటలు.

అప్పుడు డాక్టరమ్మ తిట్టలేదు. "మానేయాలనిపిస్తే నాకు చెప్పు, కలిసి మారుద్దాం" అంది. యూఫెస్ట్ అనే అధ్యయనం గురించి కూడా అప్పుడే చెప్పింది. 2008లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. తొలిసారి ఇలాంటి జబ్బు వచ్చిన 498 మందికి ఐదు మందుల్లో ఒకటి ఇచ్చి ఏడాది చూశారు. లక్షణాలు తగ్గడంలో ఐదింటికీ పెద్ద తేడా లేదు. కానీ ఏడాదిలోపు మొదట ఇచ్చిన మందు ఆగిపోయినవాళ్లు పాతకాలపు హాలోపెరిడాల్‌లో 72 శాతం, ఓలాంజపిన్‌లో 33 శాతం. ఎవరికి ఏ మందు ఇచ్చారో డాక్టర్లకు ముందే తెలుసు కాబట్టి ఆ తేడాలో కొంత వాళ్ల నమ్మకం కూడా ఉండొచ్చని ఆమే అంది. నాకు మాత్రం ఒక సంగతి గట్టిగా తగిలింది: ఆ 33 శాతంలో నాలాంటివాళ్లు ఉన్నారు.

మళ్లీ ఓలాంజపినే మొదలుపెట్టి, గొంతులు తగ్గాక అరిపిప్రజోల్ కలిపి, కొన్ని వారాల్లో మెల్లగా ఓలాంజపిన్ తగ్గించారు. కొత్తదానితో మొదటి పదిహేను రోజులు నరకం. కాళ్లు ఒకచోట నిలవవు. పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోపు వంటింట్లో ఎన్నిసార్లు తిరిగానో. జబ్బు మళ్లీ వస్తోందని నాయన భయపడ్డాడు. ఈసారి దాచలేదు, మరుసటి రోజే ఫోన్ చేశాను. డోసు తగ్గించి, ప్రొప్రనొలాల్ ఇచ్చారు. నిదానంగా కుదురుకుంది.

ఇప్పుడు 57 కిలోలు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకుంటున్నాను. మిగిలిన పేపర్లు రాసి పాసయ్యాను. నాకు సరిపోయిందని అరిపిప్రజోల్ మంచిదని ఎవరికీ చెప్పను. ఆసుపత్రిలో కలిసిన ఒకామెకు దాంతో ఏమీ తగ్గలేదు, రిస్పెరిడోన్‌తోనే హాయిగా ఉంది. రెండు మందులు సరిగ్గా వాడినా తగ్గనివాళ్లకు క్లోజపిన్ ఉంది, దానికి రక్తపరీక్షలు తప్పవు.

ప్రతిసారీ డాక్టరమ్మ దగ్గరికి చిన్న నోటుబుక్కు తీసుకుపోతాను. వచ్చే నెలకు రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఇంకా ఎన్నాళ్లు వాడాలి? నంద్యాల నుంచి సంబంధం వచ్చింది, రేపు పిల్లలు కావాలనుకుంటే ఈ మాత్ర సంగతేంటి? రెండోది అమ్మే దగ్గర కూర్చుని రాయించింది.