కళాశాల గోడ పక్కన

"మళ్ళీ మొదటి నుంచి, అమ్మా!" లోపల మాస్టారి గొంతు. విజయనగరం సంగీత కళాశాల గోడ పక్కన బండి ఆపేసి వింటున్నాను. కిటికీలోంచి ఒక చిన్న పాప కనబడింది. గాంధారం దగ్గరికి రాగానే కమాను జారుతోంది, వయొలిన్ కీచుమంటోంది. అయినా వదలట్లేదు!

1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన చోటు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు.

ఘంటసాల గారు ఇక్కడ చదువుకునే రోజుల్లో జోలె పట్టుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్ళేవారు. ఆ అన్నం తిని సాధన చేసిన గొంతు అది. ఈమధ్య ఆయన పాట ఏది విన్నా ముందు ఆ జోలే గుర్తొస్తోంది, కళ్ళు చెమరుస్తున్నాయి. సుశీలమ్మ సరేసరి, మన ఊరి ఆడపడుచు.

మా అమ్మాయిని ఇక్కడ చేర్పించాలని ఉంది. వీణా, గాత్రమా అన్నది దాని ఇష్టం. మీ పిల్లలెవరైనా నేర్చుకుంటుంటే కాస్త వివరాలు చెప్పండి.