ప్రధానమంత్రి చాప్టర్‌ని రెండోసారి ఎలా చదివానంటే

మొదటిసారి గ్రూప్-1 మెయిన్స్‌కి చదివేటప్పుడు ప్రధానమంత్రి చాప్టర్‌ని నేనూ అందరిలాగే చదివాను. రాష్ట్రపతికి సంబంధించి ఇన్ని, మంత్రిమండలికి సంబంధించి ఇన్ని, పార్లమెంటుకు సంబంధించి ఇన్ని అని పాయింట్లు రాసుకుని, స్టడీ హాల్‌కి నడుస్తూ నెమరు వేసుకునేదాన్ని. టెస్ట్ సిరీస్‌లో ‘ప్రధాని సమానులలో ప్రథముడు మాత్రమేనా? చర్చించండి’ అని అడిగారు. అంటే తోటి మంత్రుల్లో ముందున్నవారే తప్ప వారికంటే పైవారు కారా అని. ఒక్క పాయింటూ వదలకుండా రాశాను. 15కి 5 వచ్చాయి. పేపర్ దిద్దిన మేడమ్ పక్కన ఒకే మాట రాశారు: ‘ఈ జవాబు ఏ ప్రధానికైనా సరిపోతుంది.’

అందులో తప్పేముందో మొదట అర్థం కాలేదు. రాజ్యాంగం అందరికీ ఒకటే కదా! ఒకటే, కానీ లోక్‌సభలో బలం అందరికీ ఒకటి కాదు. 1984 ఎన్నికల్లో 400 పైచిలుకు సీట్లు గెలిచిన రాజీవ్ గాంధీకీ, 1999 ఏప్రిల్ 17న విశ్వాస తీర్మానంలో 269–270తో, ఒక్క ఓటు తేడాతో ఓడిన వాజ్‌పేయికీ, ప్రధాని, మంత్రుల నియామకం గురించిన రాజ్యాంగ 75వ అధికరణంలో ఉన్నవి అవే అక్షరాలు. ప్రశ్న అడిగేది ఆ అక్షరాలకు ఎప్పుడు ఎంత బలం వచ్చిందని.

అప్పుడు ఒక కొత్త నోట్‌బుక్ పెట్టాను. ఎడమ పేజీలో అధికరణం, కుడి పేజీలో దాన్ని పరీక్షకు పెట్టిన సంఘటన. నా చదువు మారింది అక్కడే.

75(1) ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారని మాత్రమే చెబుతుంది. ఎలా ఎంచుకోవాలో చెప్పదు. దాని ఎదురుగా పి.వి. నరసింహారావు గారిని రాసుకున్నాను. 1991 జూన్ 21న ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. సభ్యులు కాని మంత్రికి 75(5) ఇచ్చిన ఆరు నెలల గడువులోగా నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. సొంత మెజారిటీ లేని ప్రభుత్వం. 1993 జులై అవిశ్వాస తీర్మానాన్ని 265–251తో దాటి, అయిదేళ్లూ నిలిచింది. సమష్టి బాధ్యత అని, అంటే మంత్రిమండలి అంతా కలిసి లోక్‌సభకు జవాబుదారీ అని, 75(3)లో ఒక్క వాక్యం ఉంటుందే, అది ఆ 14 ఓట్ల దగ్గర నాకు అర్థమైంది.

1979కి రెండు పేజీలు పట్టింది. జులై 28న చరణ్ సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. సభలో బలం నిరూపించుకోవాలని రాష్ట్రపతి చెప్పారు. మద్దతు జారిపోవడంతో ఆగస్టు 20న, సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేస్తూ లోక్‌సభ రద్దుకు సిఫారసు చేశారు. రెండు రోజులకు రాష్ట్రపతి సభను రద్దు చేశారు. ఆ రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా నుంచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి గారు. విశ్వాసం పొందని ప్రధాని ఇచ్చిన సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలా? దీని మీద ఇప్పటికీ వాదన ఉంది. నా మట్టుకు, ఇంకెవరు ప్రభుత్వం ఏర్పాటు చేయగలరో ముందు పూర్తిగా వెతకాల్సింది. మీరు వేరేగా అనుకోవచ్చు, కానీ మెయిన్స్‌లో ఏదో ఒక పక్షం తీసుకుని కారణం చెప్పండి.

ప్రధాని చేతిలో అధికారం ఎంత పెరగగలదో చూడాలంటే 1975 జూన్ 25 చదవాలి. ఆ రాత్రి ప్రధాని ఇందిరా గాంధీ సలహాపై ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం అయిపోయింది. కేబినెట్‌కి తెలిసింది మర్నాడు తెల్లవారాక. 1978 నాటి 44వ సవరణ, ఎమర్జెన్సీ గురించిన 352వ అధికరణంలో కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రావాలని చేర్చింది అందుకే. రాజ్యాంగంలో ‘కేబినెట్’ అనే మాట కనిపించేది ఆ ఒక్క అధికరణంలోనే. ప్రిలిమ్స్ బిట్‌గా చాలామందికి ఇది తెలుసు. ఆ మాట అక్కడికి ఎందుకొచ్చిందో తెలిస్తే మరిక మర్చిపోరు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు పుస్తకం మూయాలనిపించలేదు.

రాష్ట్రపతికి మంత్రిమండలి సలహా గురించిన 74వ అధికరణం కూడా ఇలాగే. 42వ సవరణ మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటించి తీరాలంది. 44వది ఒక్కసారి పునఃపరిశీలనకు పంపే వీలిచ్చింది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫారసును రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపితే ప్రధాని గుజ్రాల్ మంత్రివర్గం దాన్ని వదులుకుంది. 91వ సవరణ (2003) ప్రధానితో సహా మంత్రుల సంఖ్యను లోక్‌సభ మొత్తం సభ్యుల్లో 15 శాతానికి పరిమితం చేసింది. ఇది గుర్తుంటే చాలు, ఎక్కువ సమయం పెట్టకండి.

78వ అధికరణాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. మంత్రిమండలి నిర్ణయాలను రాష్ట్రపతికి తెలియజేయడం ప్రధాని విధి. ఒక మంత్రి ఒక్కరే తీసుకున్న నిర్ణయాన్ని మొత్తం మంత్రిమండలి ముందు పెట్టమని రాష్ట్రపతి కోరితే పెట్టాలి కూడా. అధికారాల గురించి రాస్తూ ఈ విధిని చెప్పకపోతే జవాబు సగమే.

ముఖ్యమంత్రి చాప్టర్‌కి ఇదే నోట్‌బుక్ పనికొస్తుంది. 74, 75, 78 పక్కన రాష్ట్రాలకు వాటికి సాటి అయిన 163, 164, 167 అధికరణాలు రాసుకోండి. కానీ మక్కీకి మక్కీ దించకండి. 163లో గవర్నర్ విచక్షణ అనే మాట ఉంది, 74లో రాష్ట్రపతికి లేదు. ఆ తేడా ఎదురుగా కుడి పేజీ ఖాళీగా ఉంచండి, అక్కడ రాయాల్సిన సంఘటనలు చాలానే దొరుకుతాయి.