ఇంజన్ బోరు కట్టించాక కూడా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికే పోతుంటే

ఇంజన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు అరిగాయని దింపి, లేత్‌కిచ్చి, పిస్టన్లు రింగులు బేరింగులు అన్నీ కొత్తవి వేయించి, వేలకి వేలు పోసి బండి బయటికి తెచ్చుకున్నాక హీటెక్కిందనుకోండి, ఏ మేస్త్రీ దగ్గరికెళ్లినా ముందు చెప్పే మాట ఒకటే: "కొత్త ఇంజన్ కదన్నా, టైట్‌గా ఉంది, నాలుగు రోజులు తిరగనీ, అదే సర్దుకుంటది." ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. కొత్త రింగులూ కొత్త బోరూ ఒకదానికొకటి అరిగి సర్దుకునేదాకా రాపిడి ఎక్కువే, దాంతో వేడీ కొంచెం ఎక్కువే. కానీ ఆ కొంచెం ముల్లుని మామూలు కంటే ఓ పిసరు పైకి తెస్తుందంతే, ఘాట్ ఎక్కేటప్పుడు ఎర్రదాంట్లోకి ఈడ్చుకెళ్లి రేడియేటర్ మూత దగ్గర బుసలు కొట్టించదు. అట్లా బుసలు కొడుతుంటే ఇంకా తిప్పితే సర్దుకునేదేమీ లేదు, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య నీళ్లూ గ్యాసూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ మళ్లీ పోవడం తప్ప.

మా బాబాయిది పాత కమాండర్ జీపు, మార్కాపురం వైపు పల్లెల్లో తిరుగుతది, శ్రీశైలం పోయే జనాన్ని కూడా ఎక్కించుకుంటాడు. స్లీవులు (పిస్టన్ తిరిగే గొట్టాలు) మార్చి, హెడ్ ఫేసింగ్ కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి తెచ్చాడు. ఊళ్లో తిరిగితే ఏమీ లేదు. దోర్నాల దాటి ఘాట్ మొదలైతే మాత్రం ముల్లు లేచేది. నల్లమల రోడ్డు సంగతి తెలిసిందే కదా, రాత్రి గేట్లు మూసేస్తారు, సాయంత్రం పూట అడవి మధ్యలో బండి ఆగితే మెకానిక్ సంగతి తర్వాత, ముందు మనుషులకే కంగారు.

నాకు ఫోన్ చేసి "గాస్కెట్ మళ్లీ పోయిందంటున్నాడ్రా, హెడ్ దించమంటావా" అన్నాడు. దించొద్దు బాబాయ్, ముందు ఎప్పుడు హీటెక్కుతుందో సరిగ్గా చెప్పు అన్నా.

ఈ "ఎప్పుడు" అన్నది ఎవరూ అడగరు, అందరూ "ఎందుకు" మీదకే దూకుతారు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కి, రోడ్డెక్కి స్పీడందుకోగానే దిగిపోతే గాలి తక్కువైనట్టు, అంటే ఫ్యాను, బెల్టు, ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు, రేడియేటర్ ముందు పేరుకున్న చెత్త, ఇవి చూసుకోవాలి. అదే నిలబెడితే బానే ఉండి హైవే మీద డెబ్భై ఎనభైలో పోతుంటే మెల్లగా ఎక్కుతుంటే గాలి లోటు కాదు, నీళ్లు తిరగట్లేదు లేదా రేడియేటర్ లోపల మూసుకుపోయి పట్టేసింది. స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే అప్పుడు గాస్కెట్‌ని అనుమానించాలి, ఎందుకంటే నీళ్లు కాగకుండానే ప్రెషర్ వచ్చిందంటే అది సిలిండర్లోంచి వచ్చిన గ్యాసే అయ్యుండాలి. ఘాట్ అనేది మాత్రం దరిద్రం, సెకండ్ గేర్లో నిదానంగా పోతాం కాబట్టి ఎదురుగాలి ఉండదు, లోడు మాత్రం ఫుల్లుగా ఉంటది, రెండు లోపాలున్నా అక్కడ కలిసిపోయి ఒకటే లాగా కనపడతాయి. మాకు జరిగింది అదే అని తర్వాత తెలిసింది.

వీటన్నిటికంటే ముందు, అసలు నిజంగా హీటెక్కుతోందా, ముల్లు అబద్ధం చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. ఇంజన్ రిపేరు చేసినప్పుడు టెంపరేచర్ సెన్సర్ విరిగితే చేతికి దొరికిన ఏదో ఒక బండిది బిగించేస్తారు, మీటరుకీ దానికీ పొంతన ఉండదు. ఆన్‌లైన్లో దొరికే టెంపరేచర్ గన్ ఒకటి కొని పెట్టుకోండి, పెద్ద ఖరీదేం కాదు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, మెరిసే అల్యూమినియం మీదా ఇత్తడి మీదా గన్ కొడితే ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తది, ఆ చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాలి. ఇది తెలియక "గన్ కొట్టి చూశాం సార్, అరవయ్యే ఉంది" అని గొడవ పెట్టుకునేవాళ్లని చూశా.

మా కేసులో ముల్లు నిజమే చెప్పింది. గాస్కెట్ అనుమానం తీర్చుకోవడానికి చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, నీళ్లు నిండుగా పోసి, సెల్ఫ్ కొట్టి చూశాం. మొదట్లో కొన్ని బుడగలు వచ్చాయి, అవి ఎయిర్ పట్టినవి, నీళ్లు నింపేటప్పుడు హెడ్‌లో పైన ఇరుక్కున్న గాలి. బండి ముక్కు ఎత్తున ఉండేట్టు వాలులో పెట్టి, కొంచెం రేజ్ చేస్తూ, పై హోస్ నొక్కి వదుల్తూ ఉంటే అది పోయింది, మట్టం తగ్గింది, మళ్లీ పోశాం. ఆ తర్వాత ఎంత రేజ్ చేసినా బుడగ రాలేదు. గాస్కెట్ లీకైతే అట్లా ఆగదు, రేజ్ చేసిన కొద్దీ సోడాలా పొంగుతూనే ఉంటది. కాబట్టి హెడ్ దించే మాట అక్కడితో అయిపోయింది, బాబాయికి సగం ప్రాణం లేచొచ్చింది.

మూత కూడా చూశాం, కింది రబ్బరు పగిలి ఉంది. మూతేం చేస్తుందిలే అనుకుంటారు గానీ దాని మీద 0.9 (బార్) అని ఉంటే ఆ ప్రెషర్ ఆపినంతకాలం ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు, అది ఆపకపోతే 100కే మరిగి బయటికి తంతాయి. అన్నిట్లోకీ చవక సామాను ఇదే, ఇంజన్ పని చేయించినప్పుడు కళ్లు మూసుకుని మార్చేయాలి. (వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, గుడ్డ వేసి తిప్పినా సరే.)

తర్వాత ఫ్యాను. రేడియేటర్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెట్టి చూస్తే మధ్యలో అతుక్కుంది, మూలల్లో పెడితే జారి కింద పడింది. వెనక చూస్తే ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన రేకు లేదు. మేస్త్రీకి ఫోన్ చేస్తే "ఆ రేకా, ఇంజన్ ఎక్కించేటప్పుడు అడ్డం వచ్చిందని తీసినా, అది లేకపోయినా ఏం కాదులే అన్నా, షాపులోనే ఉంది" అన్నాడు చాలా మామూలుగా. ఏం కాకపోవడమేంటి, ఆ రేకు లేకపోతే ఫ్యాను రెక్కల పక్కన ఉన్న గాలినే తిప్పి తిప్పి కొట్టుకుంటది, రేడియేటర్ మొత్తం మీద నుంచి లాగదు, మూలలన్నీ ఉత్తినే ఉన్నట్టు. తెచ్చి బిగిస్తే కాగితం ఎక్కడ పెట్టినా అతుక్కుంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఘాట్‌లో తేడా బాగానే కనపడింది, ఇదివరకు మొదటి మలుపుల్లోనే లేచే ముల్లు ఇప్పుడు చాలా దూరం ఆగింది, కానీ చివరికి లేచింది.

అప్పుడు రోడ్డు పక్కన ఆపి, ఇంజన్ ఆపకుండా, కొంచెం యాక్సిలేటర్ మీద ఉంచి గన్ పట్టుకున్నాం. బాగా వేడెక్కి థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్లు వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకున్నాకే ఈ కొలత కొలవాలి, ముందే కొలిస్తే అర్థం ఉండదు. నీళ్లు బాగా తిరుగుతుంటే పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ తేడా 10 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటది. మాకు పైన 90 దాటింది, కింద 70 కూడా లేదు. అంటే వెళ్లిన కాసిని నీళ్లు బ్రహ్మాండంగా చల్లారుతున్నాయి, కానీ వెళ్లేవే కాసిని. రేడియేటర్ జల్లి (సన్నటి గొట్టాలుండే మధ్య భాగం) మీద ఎడమ నుంచి కుడికి గన్ జరుపుకుంటూ పోతే ఇంకా స్పష్టంగా ఉంది, మధ్యలో వరసలు వరసలుగా చల్లగా ఉన్నాయి, ఇంజన్ అంత కాగుతుంటే రేడియేటర్ మధ్యలో చెయ్యి పెట్టొచ్చు.

"రేడియేటర్ బానే ఉండేదిరా, పనికి ముందు ఎప్పుడూ హీటవలేదు" అని బాబాయి ఒకటే మాట. అదీ నిజమే. తిరకాసంతా అక్కడే.

ఒంగోలులో రేడియేటర్లు అతికే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చూడకుండానే "బోరు పని చేయించారా" అన్నాడు. పాత జీపు కాబట్టి రాగి జల్లీ ఇత్తడి ట్యాంకూ, మంట పెట్టి టంకం కరిగించి పై ట్యాంకు లేపాడు. సన్నటి గొట్టాల నోళ్ల మీద గోధుమరంగు పెళ్లలు, గోరంత గోరంత, ఒకవైపు నున్నగా ఇంకోవైపు గరుగ్గా, వాటి మధ్యలో ఇరుక్కుని బూడిదరంగు రబ్బరు తీగల్లాంటివి. ఆ పెళ్లలు సున్నం. మా వైపు బోరుబావి నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు, బిందె అడుగున తెల్లగా కట్టేస్తది, అవే నీళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్లో పోస్తే ఇంజన్ బ్లాకు లోపల గోడలకి అంతా అదే. కదపనంతకాలం అక్కడే అంటుకుని ఉంది. స్లీవులు కొట్టి దించి, కొత్తవి ఎక్కించి, బ్లాకుని కాస్టిక్‌లో ఉడకబెట్టేసరికి పగుళ్లిచ్చింది, తర్వాత బండి తిరిగి వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి ఊడిపోయి, నీళ్లతో పాటు పై ట్యాంకులోకొచ్చి గొట్టాల నోటి దగ్గర కూర్చుంది. ఆ రబ్బరు తీగలేమో థర్మోస్టాట్ హౌసింగ్‌కి గాస్కెట్ బదులు ట్యూబు ట్యూబంతా పిండిన సిలికాన్ పేస్టు, బయటికి పొంగింది తుడుస్తారు గానీ లోపలికి పొంగింది ఎవరు తుడుస్తారు.

అందుకే పెద్ద పని చేయించినప్పుడు రేడియేటర్ బానే ఉంది కదా అని వదిలేయడం నాకు నచ్చదు. ఇంజన్‌కి అంత ఖర్చు పెట్టినవాళ్లు ఇంకొంచెం పెట్టి దాన్ని కూడా విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో పట్టీ దూర్చి శుభ్రం చేయడం) కొట్టించాల్సిందే. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్లకి ఈ రాడ్డింగ్ కుదరదు, పట్టేస్తే మార్చుకోవడమే.

పెద్దాయన ఒక్కో గొట్టంలోంచి సన్నటి ఇనప పట్టీ దూర్చి కిందిదాకా లాగి, నీళ్లు పోసి చూసి, మళ్లీ టంకం పెట్టి ఇచ్చాడు. ఇస్తూ, పై హోస్ రేడియేటర్‌కి తగిలే చోట ఆడవాళ్ల నైలాన్ సాక్సు ముక్క ఒకటి సంచిలా లోపలికి పెట్టి దాని మీద క్లిప్పు బిగించుకోమన్నాడు, బ్లాకులో ఇంకా ఉంటది, వచ్చినదాన్ని అది పట్టుకుంటది, రెండు మూడు రోజులకోసారి తీసి కడుక్కో, రావడం ఆగిపోయాక తీసేయ్ అని. మొదటిసారి తీసినప్పుడు అడుగున చెంచాడు పెళ్లలు ఉన్నాయి, తర్వాత తర్వాత తగ్గిపోయాయి.

బోరు నీళ్లు మాన్పించా. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. కూలెంట్ ఎక్కువ పోస్తే ఇంకా చల్లగా ఉంటదని కొందరు మొత్తం అదే పోస్తారు, అది తప్పు, వేడిని మోయడంలో నీళ్ల తర్వాతే అది. రెడీమిక్స్ డబ్బా అయితే మళ్లీ నీళ్లు కలపొద్దు, డబ్బా మీద రాసి ఉంటది చదువుకోండి.

ఇంకోటి, థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు. "మన ఎండలకి ఇది ఎందుకు" అంటారు. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో చాలావాటికి వేడెక్కాక ఆ దారిని మూసేది థర్మోస్టాటే, అది లేకపోతే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కి పోకుండానే పక్క దారిలో తిరిగి ఇంజన్లోకే వచ్చేస్తాయి, అంటే చల్లబడాలని తీస్తే ఘాట్‌లో ఇంకా ఎక్కుతది. బాబాయి దాన్ని కూడా తీయించేవాడే, ఆపా.

ఇప్పుడు నిండుగా జనాన్ని ఎక్కించుకుని శ్రీశైలం పోయొస్తున్నాడు, ముల్లు సగం దగ్గర ఉంటోంది. ఎత్తు మీద పొగ మాత్రం కొంచెం నల్లగా వస్తోంది, మేస్త్రీ డీజిల్ పంపు టైమింగ్ లేటుగా పెట్టాడేమోనని నా అనుమానం, లేటైనా వేడి పెరుగుతది కాబట్టి అదీ వదిలేసేది కాదు. నాజిల్స్ కూడా విప్పి టెస్ట్ చేయించమన్నా. పండగ సీజన్ కిరాయిలు అయ్యాక చూపిస్తాలే అంటున్నాడు.