ఒంటికాయ శొంఠికొమ్ములకి రాఖీ, విదియ భోజనం

రాఖీ పౌర్ణమి దగ్గర పడగానే ఒక్కరే సంతానం ఉన్న ఇళ్ళలో మొదలయ్యే ప్రశ్న: "మనవాడికి ఎవరు కడతారు? మనమ్మాయి ఎవరికి కడుతుంది?" రాఖీ కొనడానికి బజారుకి వెళ్ళే ముందు వరసలు చూసుకోండి. సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

పెదనాన్న, బాబాయి పిల్లలు, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే. మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్ళు. వాళ్ళది రాఖీ వరస కాదు. అందరినీ కలిపి కజిన్స్ అనేయడం అలవాటై పిల్లలకి ఈ తేడా తెలియడం లేదు. ఉత్తరాదిలో మేనమామ కూతురు కూడా చెల్లెలే కాబట్టి వాళ్ళకి ఈ చిక్కు లేదు. హైదరాబాదు అపార్టుమెంట్లలో పక్కింటివాళ్ళని చూసి మేనత్త కొడుక్కి రాఖీ కట్టిస్తే మాత్రం పండగ పూట నాయనమ్మ మొహం మాడిపోతుంది. మేనరికాలు తగ్గాయి, తగ్గడం మంచిదే. పిల్లలు కట్టుకుంటామంటే కట్టనివ్వండి, కాకపోతే పెద్దవాళ్ళ చెవిన ముందే ఒక మాట వేయండి.

దూరపు చుట్టాల్లో వరస తేలకపోతే సులువైన పరీక్ష ఉంది. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నని మీరు ఏమని పిలుస్తారు? బాబాయి, పెదనాన్న అంటే రాఖీ కట్టొచ్చు. మామయ్య అంటే వద్దు. ఈ లెక్కన నాన్నగారి బాబాయి కొడుకు పిల్లలు కూడా అన్నదమ్ములే. ఒక్కగానొక్క పిల్ల అనుకున్న అమ్మాయికి కాగితం మీద రాస్తే ఐదారుగురు తేలడం మామూలే.

ఇదేదో సర్దుబాటు అనుకోనక్కర్లేదు. పెళ్ళిలో లాజహోమం అప్పుడు పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది ఆమె సోదరుడు. సొంతవాడు లేకపోతే పిన్ని కొడుకో, బాబాయి కొడుకో నిలబడతాడు, పురోహితుడు మారు మాట్లాడడు. హోమానికి పనికొచ్చినవాడు రాఖీకి పనికిరాడా? కార్తీక విదియనాడు అన్నదమ్ములు తోబుట్టువు ఇంటికి వెళ్ళి తినే భోజనం గురించి చెప్పిన ధర్మశాస్త్ర గ్రంథాలు కూడా తోబుట్టువు లేనివాళ్ళని వదిలేయలేదు. అలాంటప్పుడు "ప్రతిపన్న", అంటే సోదరిగా స్వీకరించిన ఆమెను గౌరవించమన్నాయి, స్నేహితుడి చెల్లెలితో సహా.

అయితే స్వీకరించడం అన్నది రెండువైపులా జరగాలి. కాలేజీలో, ఆఫీసులో ముందు చెప్పకుండా రాఖీ పట్టుకుని ఎదురుపడితే అవతలివాళ్ళు ఇరుకున పడతారు. వారం ముందు అడగండి. ఇంకో మాట, డబ్బు గురించి. రాఖీ కట్టాక చీరో, కట్నమో పెట్టాలన్న లెక్క తోబుట్టువుల మధ్యే బరువు. కొత్తగా కలుపుకున్న అన్నయ్య మీద అది పెడితే మరుసటి ఏడు ఫోను ఎత్తడు. తాంబూలంలో పదకొండు రూపాయలు, ఒక పండు, అంతకు మించి వద్దని ముందే అనేసుకోవడం ఉత్తమం.

అసలు చుట్టుపక్కల ఎవరూ లేకపోతే ఇంట్లోనే కట్టుకోవచ్చు. రక్షాబంధనం మొదట అన్నాచెల్లెళ్ళ పండగే కాదు. పురాణ కథలో యుద్ధానికి వెళ్ళే ఇంద్రుడికి రక్ష కట్టింది శచీదేవి, అతని భార్య. ఈ రోజు చదివే శ్లోకం కూడా పురోహితుడు రాజుకి రక్ష కడుతూ చదివేది:

యేన బద్ధో బలీ రాజా దానవేంద్రో మహాబలః
తేన త్వామభిబధ్నామి రక్షే మా చల మా చల

ఇందులో చెల్లెలి ప్రస్తావనే లేదు. కాబట్టి తల్లి బిడ్డకి కట్టొచ్చు, కూతురు తండ్రికి కట్టొచ్చు, ఇద్దరు ఒంటరి ఆడపిల్లలు ఒకరికొకరు కట్టుకోవచ్చు. చాలామంది ముందు కృష్ణుడి విగ్రహానికి ఒకటి కట్టి తర్వాత మనుషులకి కడతారు. చిన్నపిల్లలకి మాత్రం దేవుడికి కట్టించి సరిపెట్టకండి. వాళ్ళకి చెయ్యి చాపే మనిషి కావాలి.

ఇక ముహూర్తం. ఏటా గొడవ 'భద్ర'తోనే, అంటే శుభకార్యాలకి పనికిరాదనే వేళ. పంచాంగంలో దీన్ని విష్టి కరణం అంటారు, కరణం అంటే తిథిలో సగం. పౌర్ణమి తిథిలో మొదటి సగం ఎప్పుడూ భద్రే, అంటే సుమారు పన్నెండు గంటలు. అది దాటాక కట్టాలంటారు. 2026లో రాఖీ ఆగస్టు 28, శుక్రవారం. ముందురోజు ఉదయం పౌర్ణమి మొదలవుతుంది కాబట్టి భద్ర ఆ రాత్రికే అయిపోతుంది. శుక్రవారం ఉదయం దాదాపు 9:48కి పౌర్ణమి వెళ్ళిపోతుంది. ఈసారి తెల్లారి లేచి కట్టేయడమే.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడే పొరబడతారు. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతా ఒకటే, గడియారాలే వేరు. మన 9:48 అంటే న్యూయార్కులో అర్ధరాత్రి 12:18. అంటే అక్కడ పౌర్ణమి పగలు 27వ తేదీ గురువారం, అదీ భద్ర పోయాక, మధ్యాహ్నం పన్నెండు దాటాక. పైగా ఆ రాత్రి అక్కడ పాక్షిక చంద్రగ్రహణం కనబడుతుంది, పట్టింపు ఉన్నవాళ్ళు సాయంత్రంలోపే కానివ్వాలి. గ్రహణ సమయానికి మనకి పగలు కాబట్టి ఇక్కడ ఆ లెక్క లేదు. హైదరాబాదు నుంచి వీడియో కాల్లో కట్టించాలనుకుంటే ఇద్దరికీ పౌర్ణమి, భద్ర లేని వేళ కావాలి. గ్రహణం పట్టింపు లేకపోతే అది ఇక్కడ శుక్రవారం ఉదయం, అక్కడ గురువారం రాత్రి.

పోస్టులో పంపేటప్పుడు ఊళ్ళకైతే పది రోజులు, విదేశాలకి మూడు నాలుగు వారాలు ముందు వేయండి. శ్రావణం అంటే వానలు, మామూలు కాగితం కవరు తడిసి రంగు రాఖీ మొత్తం ముద్దవుతుంది. ఈ సీజన్లో తపాలా శాఖ అమ్మే తడవని రాఖీ కవర్లు వాడండి. పిన్‌కోడు, ఫోను నంబరు తప్పనిసరి. కుంకుమని పొట్లంలో కాకుండా చిన్న జిప్ కవర్లో పెట్టండి. విదేశాలకి అక్షింతలు వద్దు, బియ్యం గింజలు కనబడితే కస్టమ్స్‌లో ఆపేయొచ్చు. రాళ్ళు, లోహపు బిళ్ళ ఉన్న లావు రాఖీ ముద్రలు కొట్టేటప్పుడు పగులుతుంది, పైగా కవరుని చింపుతుంది. పల్చటి దారం రాఖీయే క్షేమంగా చేరేది.

ఇంట్లో చేసుకోవడం తేలికే. పెద్దవాళ్ళ మణికట్టు చుట్టుకొలత 16 నుంచి 18 సెంటీమీటర్లు, ముడికి రెండువైపులా పది పది కావాలి. 50 సెంటీమీటర్ల నూలు దారాలు ఆరు తీసుకుని, రెండేసి పోగులు ఒక పాయగా జడ అల్లితే 40 దాకా వస్తుంది. అల్లే ముందే అర గ్లాసు వేడినీళ్ళలో చెంచా పసుపు కలిపి దారాన్ని అరగంట నానబెట్టి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే రంగు వెలిసిపోతుంది. తడి ఆరకుండా కడితే తెల్ల చొక్కా అంచుకి పసుపు అంటుకుంటుంది, సబ్బు పెట్టగానే ఆ మరక ఎర్రబడుతుంది. కంగారు పడకండి, అది పసుపు గుణమే, బాగా జాడించి ఎండలో ఆరేస్తే పోతుంది. శాటిన్ రిబ్బను మాత్రం వాడొద్దు, ఎన్ని ముళ్ళు వేసినా జారిపోతుంది.

పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు, రాఖీ, మిఠాయి, హారతి కర్పూరం ఉంటే చాలు. అక్షింతలకి రెండు చెంచాల విరగని బియ్యం, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నెయ్యి కలపండి. నీళ్ళతో కలిపితే మర్నాటికి వాసన వస్తుంది. తూర్పు ముఖంగా కూర్చోబెట్టి బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, కుడిచేతికి కట్టి, నోరు తీపి చేసి హారతివ్వాలి. ఎవరు చిన్నయితే వాళ్ళు కాళ్ళకి మొక్కుతారు. బంధువుల ఊరికి వెళ్ళి కట్టాలంటే ముందురోజే బయల్దేరండి, ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చాక రాఖీనాడు ఆర్టీసీ బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు.

నా మటుకు, ఒక్కరే సంతానమైనవాళ్ళకి రాఖీ కంటే భగినీ హస్త భోజనం బాగా కుదురుతుంది. కార్తీక శుద్ధ విదియ, 2026లో నవంబరు 11, బుధవారం. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్ళి తిని వరమిచ్చిన రోజు. దారం కట్టించుకోమని అడగడానికి మొహమాటపడేవాళ్ళు కూడా భోజనానికి పిలిస్తే వస్తారు. నియమం ఒకటే: అన్నదమ్ముడు ఆమె ఇంటికి వెళ్ళి ఆమె చేతి వడ్డనతో తినాలి. వేళ అపరాహ్ణం, సుమారు ఒకటింపావు నుంచి మూడున్నరలోపు. తిన్నాక చీరో, జాకెట్టు గుడ్డో, పండ్లో అతను ఇస్తాడు. అమ్మాయి హాస్టల్లో ఉంటే బయట కొన్న భోజనమైనా ఫర్వాలేదు, విస్తట్లో వడ్డించేది ఆమె అయితే చాలు.

వండేట్టయితే నలుగురికి పరమాన్నం కొలత: అర కప్పు బియ్యం, రెండు చెంచాల పెసరపప్పు, కప్పున్నర నీళ్ళు పోసి కుక్కర్లో నాలుగు విజిల్స్. మెత్తగా మెదిపి మూడు కప్పుల కాచిన పాలు పోసి సన్నసెగ మీద పది నిమిషాలు ఉడికించాలి. ముప్పావు కప్పు బెల్లాన్ని పావు కప్పు నీళ్ళలో కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది. పొయ్యి ఆపి పది నిమిషాలు ఆగాక, చల్లారిన బెల్లం నీళ్ళు కలపాలి. మరిగే పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి, కలిపాక మళ్ళీ పొయ్యెక్కించినా అంతే. నెయ్యిలో వేయించిన జీడిపప్పు, కిస్మిస్, నాలుగు యాలకుల పొడి ఆఖర్న వేయాలి. అన్నయ్య ఆలస్యంగా వచ్చేసరికి గట్టిపడితే అర కప్పు గోరువెచ్చని పాలు కలిపి వడ్డించండి.