నేను కట్టుకున్న కారు బానెట్‌కి మూపురం పెట్టిన అనుభవం

బానెట్ మూసుకోలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో ముక్కా బిగిస్తూ కట్టుకుంటున్న కిట్ కారు అది. ఛాసిస్ అయింది, ఇంజిన్ దిగింది, వైరింగ్ పూర్తయింది. ఫైబర్‌గ్లాస్ బానెట్ తెచ్చి మీద పెడితే వెనక అంచు పైకి లేచి నిలబడిపోయింది. చేత్తో నొక్కితే కింద ఇంజిన్ పైమూతకి, అంటే ట్యాపెట్ కవర్‌కి తగిలి టక్కుమంది.

కారణం తెలిసిందే. ఆ బాడీని పాతకాలపు పొట్టి ఇంజిన్ చుట్టూ గీశారు. నేను పెట్టుకున్నది వాల్వుల్ని తెరిచే కడ్డీలు, అంటే క్యామ్‌షాఫ్టులు, రెండున్న రెండు లీటర్ల ఇంజిన్. క్యామ్‌లు తల మీద ఉంటాయి కాబట్టి ఆ మేరకు ఎత్తు పెరుగుతుంది. ఇంజిన్‌ని కిందికి దించుదామని మొదట అనుకున్నాను. కానీ ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంప్‌కీ నేలకీ మధ్య ఉన్న జాగానే తక్కువ, పైగా వెనక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఇసుక మింగే ఇంజిన్ నాకొద్దు. బానెట్ హింజీలు ఎత్తితే డోర్ల దగ్గర గీతలు కలవవు. మిగిలింది ఒకటే దారి: బానెట్‌కి పైన ఉబ్బు పెట్టడం. దాన్ని అందరూ బల్జ్ అంటారు, నేను మాత్రం మూపురం అంటాను. ఎద్దుకి మూపురం ఎవరో తెచ్చి అతికించినట్టు ఉండదు, వీపులోంచే లేస్తుంది. నా బానెట్ మీద ఉబ్బు కూడా అలాగే లేవాలని నా పట్టుదల.

ఈ అవసరం పెద్ద కంపెనీలకీ వచ్చింది. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ బానెట్ మధ్యలో ఉబ్బు ఉన్నది లోపలి పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజిన్ కోసమే. 1967లో ఎమ్‌జీసీ అనే స్పోర్ట్స్ కారులో ఆరు సిలిండర్లు పెట్టినప్పుడు బానెట్‌కి వెడల్పాటి ఉబ్బు ఒకటి, కార్బ్యురేటర్ కోసం దాని మీద కన్నీటి చుక్క ఆకారంలో చిన్న బుడిపె ఒకటి పెట్టారు. మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో ఇంజిన్‌నే పక్కకి వాల్చి బిగించినా బానెట్ మీద రెండు ఉబ్బులు తప్పలేదు. ఒకటి ఇంజిన్ కోసమైతే రెండోది జోడీ కుదరడం కోసమని చెబుతారు. ఈ ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలా సాయంత్రాలు చూశాను.

ముందు ఎంత ఎత్తు కావాలో తేలాలి. బానెట్ నాలుగు మూలల కింద 40 మిల్లీమీటర్ల చెక్కముక్కలు పెట్టి, ఇంజిన్ మీద ఎత్తైన చోట్ల పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కవర్ కప్పి, బానెట్‌ని మెల్లగా దించాను. తీసి చూస్తే బాగా నలిగిన ముద్ద మందం 22 మిల్లీమీటర్లు. అంటే ఇంజిన్ 18 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుంది.

ఇక్కడ ఆగిపోయి 20 మిల్లీమీటర్ల ఉబ్బు చేసుంటే అంతా వృథా అయ్యేది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే పక్కకి ఒరుగుతుంది. ఇంజిన్‌కి ఒక గట్టి తీగ కట్టి, దాని కొన పక్కన ఛాసిస్‌కి అట్టముక్క అతికించి, మా ఆవిడని స్టార్ట్ చేసి రేస్ చేయమన్నాను. తీగ కొన 9 మిల్లీమీటర్లు కదిలింది. గేర్‌లో బరువు లాగేటప్పుడు ఇంకా ఎక్కువే కదులుతుంది. వేగంలో బానెట్ కూడా అదురుతుంది. అందుకని 25 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఖాళీ ఉండాలని నిర్ణయించుకుని 45 మిల్లీమీటర్ల ఎత్తు ఖాయం చేశాను. ఆ ఎత్తున అట్ట కత్తిరించి బానెట్ మీద నిలబెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. రోడ్డు బాగానే కనిపించింది.

ఆకారం దగ్గరే నాకు ఎక్కువ రోజులు పట్టింది. మొదట ఇంజిన్ తగిలే చోట మాత్రమే సరిపోయేలా అట్టతో చిన్న డబ్బా చేసి పెట్టాను. నీళ్ల ట్యాంకు మూతలా ఉంది. ఎత్తు తగ్గించే వీలు లేదు కాబట్టి పొడవు పెంచాను. బానెట్ ముందు భాగంలో ఏమీ లేనట్టు మొదలై, వెనక్కి వచ్చేకొద్దీ మెల్లగా వెడల్పయ్యేలా, పక్కలు నిటారుగా కాక వాలుగా దిగేలా గీశాను. సన్నటి ప్లాస్టిక్ బద్దని వంచి పట్టుకుంటే అది తనంతట తనే అందమైన వంపు తీసుకుంటుంది. ఆ వంపు వెంట నల్ల టేపు అతికించి, దూరంగా మోకాళ్ల మీద కూర్చుని చూసేవాణ్ణి. ఒకరోజు నచ్చింది మర్నాడు నచ్చేది కాదు. టేపు అలాగే ఉంచి వారం తిరిగాక కూడా నచ్చితేనే ముందుకెళ్లాను.

వెనక వైపు తెరిచి ఉంచితే ఇంజిన్ వేడి బయటికి పోతుందని నా ఆలోచన. కానీ వేగంలో వెళ్లే కారుకి ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. అక్కడ రంధ్రం పెడితే గాలి బయటికి పోదు, లోపలికి వస్తుంది. కొన్ని రేసు కార్లు ఇంజిన్‌కి గాలి అక్కణ్ణుంచే తీసుకుంటాయి. అందుకని వెనక మూసేసి, అద్దం వైపు గుండ్రంగా దించాను.

ఇక అసలు పని. బానెట్ మీదే టేపు, మైనపు పాలిష్ వేసి కాపాడుకుని, దాని మీద ఫోమ్ ముక్కలు పేర్చి చెక్కాను. ఫోమ్ కొనేటప్పుడు జాగ్రత్త. ప్యాకింగ్‌లో వచ్చే తెల్ల థర్మోకోల్ మీద పాలిస్టర్ రెసిన్ (ఫైబర్‌గ్లాస్ పనిలో వాడే, ఆరితే గట్టిపడే జిగురు) పడితే మంచుగడ్డలా కరిగిపోతుంది. రెసిన్‌లో ఉండే స్టైరీన్ దాన్ని కరిగిస్తుంది. ఒక చిన్న ముక్క మీద ముందే రెసిన్ చుక్క వేసి చూశాను కాబట్టి బతికిపోయాను. పాలియురెథేన్ ఫోమ్‌కి ఆ బాధ లేదు. చెక్కిన ఫోమ్ మీద రెసిన్, ఆ మీద పుట్టీ, తర్వాత 80, 180, 320, 600 నంబర్ల పేపర్లతో రుద్దుడు. పొడవాటి చెక్కకి పేపర్ చుట్టి రుద్దాలి, వేళ్లతో రుద్దితే గుంటలు పడతాయి. రాత్రి లైట్లన్నీ ఆర్పి టార్చిని నేలబారుగా వేస్తే పగలు కనపడని ఎత్తుపల్లాలన్నీ బయటపడ్డాయి.

ఆ నమూనాకి ఆరు సార్లు మైనం పట్టించి, దాని మీంచి అచ్చు తీశాను. ఉబ్బు ఒక్కదానికే కాకుండా చుట్టూ 100 మిల్లీమీటర్ల మేర బానెట్ ఉపరితలం కూడా అచ్చులోకి వచ్చేలా చూసుకున్నాను. అలా చేస్తేనే ఉబ్బు చుట్టూ ఉండే అంచు బానెట్ వంపుని అచ్చంగా పట్టుకుంటుంది. తర్వాత అచ్చులో పైకి కనిపించే నునుపు పొర, అంటే జెల్‌కోట్ వేసి, చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్‌ని రెసిన్‌తో తడిపి మూడు పొరలు పరిచాను. ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, నా బానెట్ కూడా దాదాపు మూడు మిల్లీమీటర్లే. రెసిన్ బరువు మ్యాట్ బరువుకి రెండింతల నుంచి రెండున్నర ఇంతలు. గాలి బుడగలు పోయేదాకా రోలర్ తిప్పుతూనే ఉండాలి.

రెసిన్‌ని గట్టిపరిచే హార్డనర్ గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. వంద గ్రాముల రెసిన్‌కి ఒకటి నుంచి రెండు గ్రాములు చాలు, ఎండలో ఒకటి చాలు. డబ్బాలో మిగిలిపోయిన రెసిన్ దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది, అందుకే వెడల్పాటి పళ్లెంలో కలపడం మేలు. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి. గట్టిపడడాన్ని తొందర చేసే మందు (దాన్నీ యాక్సిలరేటర్ అనే అంటారు) విడిగా వచ్చే రెసిన్ అయితే, ముందు దాన్ని రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలిపోతాయి.

ఉబ్బు కూర్చునే చోట బానెట్ కోసే రోజు చెప్పలేనంత టెన్షన్. కోసిన బానెట్ అప్పడంలా మెత్తబడి ఎటైనా మెలిపడుతుంది, ఆ మెలికతోనే అతికిస్తే ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. అందుకని కోయకముందే దాని అంచుల ఆకారానికి సరిపోయే చెక్క ఫ్రేము చేసి, బోర్లించి అందులో బిగించాను. మూలలు గుండ్రంగా కోశాను. కోణంగా వదిలిన మూల దగ్గరే పగులు మొదలవుతుంది. మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నా ఒళ్లంతా దురద పెట్టింది. ముందు చన్నీళ్లతో కడుక్కుంటే కొంచెం నయం.

ఉబ్బుని రంధ్రంలో సమంగా కూర్చోబెట్టి, లోపలివైపు నుంచి రెండు పొరల మ్యాట్‌తో అతికించాను. బయట మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్ల సందులో పుట్టీ నింపి, రుద్ది, ముదురు నీలం రంగు కొట్టించాను. అద్దంలా వచ్చింది. ఆ రాత్రి గ్యారేజీలోంచి లోపలికి రాబుద్ధి కాలేదు.

మూడు వారాల తర్వాత, ఎండలో నిలబెట్టిన కారు దగ్గరికి వెళ్లి చూస్తే, ఉబ్బు చుట్టూ సన్నటి దారంలా గీత కనిపించింది. కత్తిరించిన చోట్లన్నీ బయటపడుతున్నాయి. నిజంగా ఏడుపొచ్చింది.

మా మావయ్య ఏళ్ల తరబడి ఫైబర్ అచ్చుల పని చేసిన మనిషి. ఫోన్ చేస్తే మర్నాడే వచ్చాడు. కళ్లు మూసుకుని అరచేత్తో బానెట్ నిమిరి, "పుట్టీ కుంగిందిరా" అన్నాడు. "పైన వాలు చెక్కావా?"

"లేదు మావయ్యా, కింద నుంచి రెండు పొరలు వేశాను కదా, గట్టిగానే ఉంది."

"గట్టిగా ఉంటే సరిపోదురా. మూడు మిల్లీమీటర్ల మందం ముక్కలు రెండు, మధ్యలో పుట్టీ గోడ. ఎండ తగిలితే ఏది దాని ఇష్టం వచ్చినట్టు సాగుతుంది."

ఆయన వివరంగా చెప్పాక అర్థమైంది. పాలిస్టర్ రెసిన్ చేతికి గట్టిగా తగిలినా వారాల పాటు లోపల ఇంకా ముదురుతూనే ఉంటుంది. ముదిరేకొద్దీ కుంచించుకుపోతుంది. కింద ఇంజిన్ వేడి, పైన ముదురు రంగు పీల్చుకునే ఎండ, రెండూ ఆ పనిని తొందర చేస్తాయి. నేను రంగు ముందు కొట్టేశాను, కుంచించుకోవడం తర్వాత జరిగింది.

రంగంతా గీకేశాం. సందుకి రెండు వైపులా 40 మిల్లీమీటర్ల వెడల్పున గ్రైండర్‌తో పలచటి వాలు చెక్కాం. మందానికి కనీసం పన్నెండు రెట్లు ఉండాలని మావయ్య లెక్క. 40 నంబర్ పేపర్‌తో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచాం. గట్టిపడిన పాలిస్టర్ మీద కొత్త రెసిన్ నిలబడేది ఆ గరుకుని పట్టుకునే. తర్వాత 300 గ్రాముల పలచటి మ్యాట్‌ని పట్టీలుగా చింపి పొరలు వేశాం. కత్తెరతో కోసిన అంచు గీతలా కనిపిస్తుందని చేత్తోనే చింపమన్నాడు. పైన చివరి పొరగా టిష్యూ, అంటే బాగా సన్నటి గాజునార పొర. పుట్టీ అవసరం ఈసారి గోరంతే పడింది.

రంగు మాత్రం వెంటనే వేయనివ్వలేదు. బానెట్‌ని కారుకే బిగించి, రోజూ ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, పగలంతా ఎండలో వదిలాను. రెండు వారాలు పట్టింది. అప్పుడు ప్రైమర్ కొట్టి టార్చి వేసి చూస్తే రెండు చోట్ల కొద్దిగా కుంగింది, అక్కడ మాత్రం మళ్లీ సరిచేశాను. రంగు కూడా మార్చాను. ముదురు నీలం వదిలేసి లేత బూడిద రంగు వేయించాను.

ఆఖరిసారి క్లే ముద్దలు పెట్టి మూశాను. బానెట్ తనంతట తను కూర్చుంది, లాకు ఒక్క చప్పుడుతో పడింది. తీసి కొలిస్తే ముద్ద 26 మిల్లీమీటర్లు. మట్టిరోడ్డు మీద తిప్పి తెచ్చాక కూడా లోపల ఎక్కడా రాపిడి గుర్తు లేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మావయ్య వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే గ్యారేజీలోకి వెళ్లి కళ్లు మూసుకుని బానెట్ నిమురుతాడు. నేను పక్కన నిలబడి ఆయన ముఖం చూస్తుంటాను. మొన్న చెయ్యి ముందు నుంచి వెనకదాకా పోనిచ్చి, మళ్లీ ముందుకి తెచ్చి, "ఎక్కడ కోశావురా?" అని అడిగాడు.